ఏథెన్స్ నటులు నిలబడింది ఎత్తు మీదా, నేల మీదా?

తెరచాటు: క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్‌లోని డయొనీసస్ నాటకశాలలో నటులకు ఎత్తయిన వేదిక ఉండేదా? ఒక పుస్తకం ఉందంటుంది, ఇంకోటి లేదంటుంది.

రాతిగోడ: లేదు. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పిన పది, పన్నెండు అడుగుల లోగెయాన్, అంటే నటుల వేదిక, తర్వాతి కాలపు నాటకశాలలది. పురావస్తు పరిశోధకుడు డోర్ప్‌ఫెల్డ్ అక్కడ తవ్వినా 5వ శతాబ్దపు వేదిక జాడ దొరకలేదు. నటులూ, పాడుతూ ఆడే బృందమైన కోరస్సూ, అందరూ ఆర్కెస్ట్రాలోనే. అంటే కొండవాలు కింద చదును చేసిన నేల. వాద్యగాళ్ల చోటు అనుకునేరు.

మూడోనటుడు: చెక్కను రాళ్లలో వెతికితే ఎలా దొరుకుతుందండీ? ఆర్కెస్ట్రా వెనక నటులు వేషం మార్చుకునే కట్టడం, స్కీనీ కూడా అప్పట్లో చెక్కదే. అది మిగల్లేదని క్రీ.పూ. 458లో ఆడిన ఈస్కిలస్ నాటకాలు 'ఒరెస్టెయా'లో రాజభవనం తలుపే లేదంటారా? అరిస్టోఫేన్స్ కామెడీ 'కందిరీగలు' (క్రీ.పూ. 422) తీయండి. ముసలాయన వేణువు ఊదే పిల్లను పైకి రమ్మంటాడు, చివర నాట్యం పోటీకి తాను దిగాలంటాడు. నేల మీదున్నవాడు ఎక్కడికి దిగుతాడు?

రాతిగోడ: పోటీకి. మనం బరిలోకి దిగమూ?

మూడోనటుడు: మరి 'పైకి రా' సంగతి?

వెనకవరస: వాలు మీద కూర్చున్నవాళ్లు పైనుంచే చూస్తారు, వాళ్లకు వేదిక ఎత్తు అక్కర్లేదు. ఇబ్బందల్లా ముందు వరసలో డయొనీసస్ పూజారికే, ఎదురుగా అడ్డంగా 15 మంది కోరస్. కామెడీ అయితే 24.

వలయం: ఆర్కెస్ట్రా గుండ్రమని అందరూ ఎందుకు అనుకుంటున్నారు? ఏథెన్స్ దగ్గరి థోరికోస్ పాత నాటకశాలలో పక్కలు తిన్నగానే ఉన్నాయి. ఎపిడారస్ నాటకశాలలోని వలయం క్రీ.పూ. 4వ శతాబ్దానిది.

రాతిగోడ: దానికి వేరే చర్చ పెట్టండి. సోఫోక్లిస్ నాటకం 'కొలోనస్‌లో ఈడిపస్'లో క్రెయాన్ ఈడిపస్ కూతురు ఆంటిగొనీని లాక్కుపోతుంటే కోరస్ పెద్దలు అడ్డుపడతారు. పన్నెండు అడుగుల కిందనుంచా?

మూడోనటుడు: పన్నెండని నేనెప్పుడన్నాను? నేను చెప్పేది మీటరుకు మించని చెక్కబల్ల, ముందు ఐదారు మెట్లు. ఎక్కిక్లీమా సంగతీ చూడండి. శవాలను తలుపులోంచి బయటికి తోసే చక్రాల బల్ల అది. రెండు శవాలు, పక్కన నిలబడ్డ 'ఒరెస్టెయా' రాణి క్లైటెమ్నెస్ట్రా, ఇంత బరువుతో మట్టినేల మీద చక్రం దిగబడుతుంది. చెక్క మీదైతే నలుగురు తోస్తే జారుతుంది.

రాతిగోడ: తలుపు ముందు రెండు పలకలు పరిస్తే చాలు, దానికి వేదికెందుకు? మీకు నటుడే లోకం. అరిస్టాటిల్ లెక్కన ట్రాజెడీ పుట్టింది డితిరాంబ్, అంటే డయొనీసస్ దేవుడి మీద కోరస్ పాడే పాట, పాడించేవాళ్ల నుంచి. రెండో నటుణ్ని ఈస్కిలస్, మూడోవాణ్ని సోఫోక్లిస్ చేర్చారు. ముందున్నది కోరస్. ఇవాళ ప్రొసీనియం, అంటే ముందు చట్రం ఉండే ఎత్తు వేదిక, మీద కోరస్‌ను వింగ్స్ పక్కకు నెట్టి, పాటలు కోసేసి, "గ్రీకుల్లోనూ నటులు పైన, కోరస్ కింద" అని దబాయించే దర్శకులకు మీ బల్లే ఆధారం.

మూడోనటుడు: అదీ అసలు బాధ! మొదటే చెప్పాల్సింది. పాటలు కోయమని నేనన్నానా? ఉన్నది ముగ్గురు నటులు, పాత్రలన్నీ వాళ్లవే. కోరస్ పాడుతుంటేనే స్కీనీలో ముసుగూ దుస్తులూ మారేది. పాట కోస్తే దూత వేషంలో రావాల్సినవాడు రాణి వేషంలోనే ఉంటాడు. ఎత్తు వేరు, కోత వేరు.

వెనకవరస: ఇద్దరూ కోరస్ పక్షమేగా, ఇంకెందుకు గొడవ?

రాతిగోడ: పక్షం సరే. ఆ ఐదారు మెట్ల సంగతి తేలలేదు. ముసుగు కళ్ల కంతల్లోంచి పాదాల దగ్గరికి చూపు ఆనదు, ఒంటి మీద మడమల దాకా వేలాడే దుస్తులు. మాట ఆపకుండా ఆ మెట్లు ఎలా దిగేవాడో చెప్పండి.