పాప జుట్టు రాగిరంగులో ఉంది, భయపడాలా?

ప్రశ్న (పర్లాకిమిడి): మా పాపకు ఎనిమిదో నెల. ఎండలో ఒళ్లో పడుకోబెట్టుకుని నూనె రాస్తుంటే చెవుల వెనుక వెంట్రుకలు రాగితీగల్లా మెరుస్తాయి. బారసాలనాడు బంధువులు "ఈ జుట్టు మన వంశంలో ఎవరికుంది?" అని అడిగిన మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఇది జబ్బా?

జవాబు: చెల్లెమ్మా, ఆ మాట పట్టించుకోకండి. స్కాట్లాండు, ఐర్లాండుల్లో ఎక్కువగా కనిపించే అసలైన ఎర్రజుట్టు సాధారణంగా తల్లిదండ్రులిద్దరి నుండీ జుట్టు రంగును నిర్ణయించే ఎంసీ1ఆర్ అనే జన్యువులోని మార్పు వస్తేనే కలుగుతుంది. అక్కడ కూడా అలాంటి పిల్లలను తోటివారు ఏడిపిస్తారు.

జవాబు (రాయగడ, అంగన్‌వాడీ కార్యకర్త): రంగు ఒక్కటే చూడకండమ్మా. నల్లగా ఉన్న జుట్టు ఎర్రబారి, పలచబడి, లాగితే సులువుగా ఊడివస్తూ, పాదాలు వాచి, బిడ్డ మందకొడిగా ఉంటే అది 1930లలో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు వర్ణించిన క్వాషియోర్కర్ అనే పోషకాహార లోపం కావచ్చు కనుక వెంటనే వైద్యునికి చూపించాలి. ముందు బరువు తూయించండి.

ప్రశ్న అడిగినవారు: తూయించానక్కా, బరువు సరిగానే ఉంది, వాపు లేదు. చిన్నప్పుడు తన జుట్టూ ఇలాగే ఉండేదని మా అత్తగారు నిన్న చెప్పారు.