పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం నరసాపురానికి రావలసిందా, భీమవరమే సరైనదా?

వశిష్ఠగట్టు:
2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గమే కొలమానం అన్నారు. మన నియోజకవర్గం పేరు నరసాపురం. కలెక్టరేటు మాత్రం భీమవరంలో! 17వ శతాబ్దంలోనే ఐరోపా వర్తకులు ఓడలు కట్టించుకున్న రేవు మాది. ఏనాటి నుంచో రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఇంతకన్నా ఏం అర్హత కావాలి?

యనమదుర్రు:
ఓడల సంగతి సరే, అర్జీ పట్టుకుని వచ్చేవాళ్ల సంగతి చెప్పండి. వాళ్లు వచ్చేది ఈ ఏడు నియోజకవర్గాల నుంచి: తాడేపల్లిగూడెం, తణుకు, ఆచంట, పాలకొల్లు, ఉండి, భీమవరం, నరసాపురం. పటం తీసి చూడండి, మీ ఊరు దక్షిణపు కొస. 2011 జనాభా లెక్కల్లో మీరు 58 వేల పైచిలుకు, మేము లక్షా 40 వేలు దాటాం. నియోజకవర్గం పేరే హక్కు అయితే 2022లో రాజంపేటను కాదని రాయచోటిని, హిందూపురాన్ని కాదని పుట్టపర్తిని ఎలా పెట్టారు?

గూడెం వాసి:
మాకు మీ ఇద్దరికన్నా పాత జిల్లా కేంద్రం ఏలూరే నయం. రైలెక్కితే నేరుగా దిగేవాళ్లం. ఇప్పుడు భీమవరానికి రైల్లో రావాలంటే నిడదవోలు చుట్టు తిరగాలి.

వశిష్ఠగట్టు:
రాజంపేటకు అన్యాయం జరిగింది కాబట్టి మాకూ జరగాలా? ఇదేం తర్కమండీ! ఏటి అవతల కోనసీమ చూడండి. రామచంద్రపురం వాళ్లకు గోదావరి పాయ గౌతమి అడ్డమని తెలిసీ కేంద్రం అమలాపురంలో పెట్టారు. అక్కడ లేని దూరం మా దగ్గరే గుర్తొచ్చిందా? కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పూర్తయితే మాది కొస అనేవాళ్లే ఉండరు.

యనమదుర్రు:
పూర్తయితే! గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటి రావాలి ఆ రైలు. వచ్చినా అందులో దిగేది పక్క జిల్లావాళ్లు. తణుకు మనిషికి ఒరిగేదేముంది? వాళ్లు నరసాపురం రైలెక్కినా ముందు భీమవరమే వస్తుంది. మీది కొస.

రేవు దాటేవాడు:
మాది సఖినేటిపల్లి. ఆసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా మాకు నరసాపురమే. జిల్లా మాత్రం వేరు. వరద వస్తే రేవు దాటించే పంటు ఆపేస్తారు, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి. మీకు కలెక్టరు గొడవ, మాకు వంతెన గొడవ.

యనమదుర్రు:
వంతెన గురించి వేరే చర్చ పెట్టుకోండి.

లేసు అల్లిక:
నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా చేతికొచ్చే కూలి అలాగే ఉంది. కలెక్టరు గారు ఏ ఊళ్లో కూర్చున్నా మాకొకటే.

యనమదుర్రు:
ఈ గొడవంతా స్థలాల ధరల గురించి. కలెక్టరేటు వస్తుందని ఊరి చివర పొలాలు కొని రాళ్లు పాతించినవాళ్లు ఉంటారు. వశిష్ఠగట్టు గారు కూడా అందులో ఉన్నారేమో అని నా అనుమానం.

వశిష్ఠగట్టు:
నోరు అదుపులో పెట్టుకోండి. నాకున్నది మొగల్తూరు వైపు ఎకరంన్నర, కాలువ శివారు. విజ్జేశ్వరంలో కాలువ తలుపులెత్తి వదిలిన నీళ్లు మీ రొయ్యల చెరువులన్నీ నిండాక మా బోదెలోకి, అంటే చేలకు పోయే పిల్లకాలువలోకి, దిగుతాయి. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీటి వంతు మాదే అని కాగితంలో ఉంటుంది, బోదెలో తడి ఉండదు. పోయిన దాళ్వాలో చేను పొట్టమీద ఉండగా నెర్రెలిచ్చింది. పైగా మీ చెరువుల ఉప్పునీళ్లు మురుగు కాలువల్లో పడి మా మీదికే వస్తాయి. ఈ ముచ్చట చెప్పుకుందామని ఒక పెద్ద కార్యాలయానికి వెళ్తే, సార్ సమావేశంలో ఉన్నారు అన్నారు. తలుపు సందులోంచి చూశాను. ముందు వరస కుర్చీల్లో చెరువుల ఆసాములే.

యనమదుర్రు:
అలా చెప్పండి మరి! ఓడలెందుకు మధ్యలో? మా నాన్న దాళ్వాలు వేసి వేసి అప్పులపాలై చెరువు తవ్వాడు. నా చదువు, చెల్లి పెళ్లి రొయ్య మీదే. వైరస్ తగిలి చెరువు ఖాళీ చేసిన ఏడు మమ్మల్ని అడిగినవాడు లేడు. మీ ఊరికి కలెక్టరు వస్తే మా చెరువులు పూడ్పించాలన్నది మీ ఆశ. అవునా, కాదా?

వశిష్ఠగట్టు:
పూడ్చమని ఎవరన్నారు? వంతు రాత్రి తూము దగ్గర నిలబడే అధికారి కావాలి. మా ఊళ్లో ఆఫీసు ఉంటే కాలువ ఎండినప్పుడు గుమ్మం ముందే కూర్చుంటాం. మీ ఊరు వచ్చి కూర్చుంటే పోలీసులు బస్సెక్కించి పంపేస్తారు.

గూడెం వాసి:
తూము కోసమే అయితే కలెక్టరేటు విజ్జేశ్వరంలోనే పెట్టించండి, పీడా పోతుంది.

రేవు దాటేవాడు:
విజ్జేశ్వరం నిడదవోలు మండలం. 2022లో అది తూర్పు గోదావరికి పోయింది. మీ కాలువ తలుపులు ఇప్పుడు మీ జిల్లాలోనే లేవు.

వశిష్ఠగట్టు:
అందుకే అంటున్నాను, జిల్లాలు గీసినవాళ్లు కాలువ చూడలేదని.

యనమదుర్రు:
అది వేరే సంగతి. నరసాపురం మాత్రం కొసే.