హెబ్రీ 6:4–6లో “తప్పిపోయినవారు” నిజమైన విశ్వాసులేనా?

విశ్వాసి తన రక్షణను కోల్పోగలడా అన్న ప్రశ్నతో మా సంఘపు బైబిలు అధ్యయనం, తప్పిపోయినవారిని మరల మారుమనస్సుకు తేవడం అసాధ్యమని హెచ్చరించే హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం వద్ద నిలిచిపోయింది. మా కాపరిగారిని అడిగితే, తన గొర్రెలను ఎవరును తన చేతిలోనుండి అపహరింపరని యేసు చెప్పిన యోహాను 10:28–29 చూపి, అది చాలునన్నారు. నాకు చాలలేదు.

దేవుడు ఎన్నుకొన్నవారు చివరివరకు నిలుతురని తీర్మానించిన 1618–19 నాటి డోర్ట్ సభ (నెదర్లాండ్స్‌లో జరిగిన సంఘ సభ) బోధను అనుసరించేవారు 1 యోహాను 2:19ని ఆధారం చేసుకొని, విశ్వాసమును పూర్తిగా విడిచిపోయినవారు మొదటినుండియు నిజ విశ్వాసులు కారని అంటారు. అయితే “ఒకసారి వెలిగింపబడి”, “పరిశుద్ధాత్మలో పాలివారై” అని పత్రిక వర్ణించినవారిని పేరుకు మాత్రమే క్రైస్తవులనడం బలవంతపు వ్యాఖ్యానంగా నాకు తోస్తున్నది. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ వలె, నిజ విశ్వాసియు పడిపోగలడని చదివితే 4, 5 వచనాలు చక్కగా కుదురుతాయి గాని, అట్టివారిని మరల మారుమనస్సుకు తేవడం అసాధ్యమని 6వ వచనం చెప్పుచుండగా, వెనుదిరిగినవారు మరల రావచ్చునన్న అదే సంప్రదాయపు బోధ దానితో ఎలా పొసగుతుందో తెలియడం లేదు. ఇది జరగని విషయాన్ని గూర్చిన హెచ్చరిక మాత్రమేనన్న వివరణనూ పరిశీలించాను. అదే పత్రిక 10:26–29లో హెచ్చరిక మరింత తీవ్రంగా తిరిగి వస్తున్నందున అదీ నిలువలేదు.

6:9లో పత్రిక తన పాఠకుల విషయమై “రక్షణకరమైన” మంచి సంగతులను నమ్ముచున్నామని చెప్పిన మాటను కూడా లెక్కలోనికి తీసుకొని, 4–6 వచనాలలోనివారు రక్షణ పొంది కోల్పోయినవారో, ఎన్నడూ పొందనివారో ఆ అధ్యాయపు సందర్భం నుండే ఎవరైనా వివరించగలరా?