బేస్‌బాల్‌లో బంతి బ్యాటుకు తగిలితే పరుగెత్తక తప్పదా? క్రికెట్ మాత్రమే తెలిసిన పిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఓరుగల్లు పీఈటీ

నేను వరంగల్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయునిగా పని చేస్తున్నాను. దసరాకు అమెరికా నుంచి వచ్చిన మా పూర్వ విద్యార్థి ఒకరు ఆరు గ్లవ్‌లు, రెండు బ్యాట్లు, డజను బంతులు బడికి ఇచ్చి వెళ్లారు. మైదానంలో సున్నంతో గీతలు గీసి, బేస్‌లకు (పరుగెత్తేవాడు వరుసగా తాకుతూ పోవలసిన మూలల గుర్తులకు) బదులు మడిచిన గోనె సంచులు పరిచి ఆట మొదలుపెట్టించాను. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు బంతిని చక్కగా కొట్టి, బ్యాటును చంకలో పెట్టుకొని అక్కడే నిలబడి, "పరుగు రాదు సార్, ఫీల్డర్ దగ్గర్నే ఉన్నడు" అన్నాడు. పరుగెత్తడం ఎప్పుడు తప్పనిసరో, ఎప్పుడు ఆటగాడి ఇష్టమో నాకే స్పష్టంగా చెప్పరాలేదు. ఒకచోట ఫీల్డర్ బేస్‌ను తొక్కితే చాలు అవుట్ అంటారు, మరొకచోట మనిషిని బంతితో తాకాలంటారు. ఈ తేడా ఎందుకో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: మూడో బేస్

సార్, డిగ్రీ చదివే రోజుల్లో మూడేళ్లు ఈ ఆట ఆడినవాణ్ణి. మీ విద్యార్థి చేసిన పొరపాటే మొదటి వారం మేమందరం చేశాం. క్రికెట్‌లో బ్యాటర్ వెనుక కాపాడుకోవలసిన వికెట్లు ఉంటాయి కాబట్టి బంతిని ఆపి నిలబడడం కూడా ఒక ఆటే అవుతుంది. బేస్‌బాల్‌లో కాపాడుకోవడానికి వెనుక ఏమీ ఉండదు. బంతి రెండు ఫౌల్ గీతల (బ్యాటర్ దగ్గర నుంచి మొదటి, మూడో బేస్‌ల మీదుగా పోయే హద్దు గీతల) మధ్య పడిన మరుక్షణం అతడు బ్యాటర్ కాదు, రన్నర్. బ్యాటును అక్కడే వదిలేసి మొదటి బేస్‌కు పరుగెత్తాలి. విసిరేయకూడదని మాత్రం గట్టిగా చెప్పండి, మా వాళ్లలో ఒకరికి మోకాలి చిప్ప మీద తగిలింది.

మీ రెండో సందేహానికి సమాధానం కూడా ఇందులోనే ఉంది. ఒక బేస్ మీద ఒక్కరే ఉండాలి. మొదటి బేస్ మీద ఇదివరకే ఒకడుంటే, బ్యాటర్ అక్కడికి వస్తున్నాడు కనుక అతడు చోటు ఖాళీ చేసి రెండో బేస్‌కు పోక తప్పదు. ఇలా పోక తప్పనివాడికి వెనక్కి తిరిగే దారి లేదు కాబట్టి, బంతి పట్టిన ఫీల్డర్ అతనికన్నా ముందు ఆ బేస్‌ను తొక్కితే చాలు, అవుట్. రెండో బేస్ మీద ఒకడుండి మొదటిది ఖాళీగా ఉంటే అతణ్ణి వెనుక నుంచి తోసేవారెవరూ లేరు, నిలబడవచ్చు, పరుగెత్తవచ్చు. అలాంటివాణ్ణి అవుట్ చేయాలంటే అతడు బేస్ మీద లేనప్పుడు బంతి ఉన్న చేతితోనో, గ్లవ్‌తోనో అతని ఒంటిని తాకవలసిందే. బంతిని గాలిలోనే పట్టేస్తే బ్యాటర్ అవుట్. అప్పటికే కదిలిన రన్నర్లు తమ బేస్‌కు తిరిగి వచ్చి, దాన్ని తాకిన తర్వాతే ముందుకు పోవాలి.

బంతి విసరడం గురించి రెండు మాటలు. పిచ్చర్ 18.44 మీటర్ల దూరం నుంచి, బంతి నేలకు తగలకుండా, మోచేయి వంచి విసురుతాడు. క్రికెట్‌లో నోబాల్ అనిపించుకునే విసురుడే ఇక్కడ విద్య. హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీద ఉండే పలక) మీదుగా, బ్యాటర్ మోకాలికీ ఛాతీకీ నడుమ వచ్చిన బంతిని వదిలేసినా, ఎక్కడి బంతినైనా కొట్టబోయి తప్పినా స్ట్రైకే. మూడు స్ట్రైకులకు అవుట్. ఆ చట్రం బయట పడినవి కొట్టబోకుండా నాలుగు వదిలితే మొదటి బేస్ ఉచితం. ఫౌల్ పోయిన (కొట్టినా ఆ గీతల బయట పడిన) బంతి మొదటి రెండు స్ట్రైకుల వరకే లెక్కకు వస్తుంది, ఆ తర్వాత ఎన్ని ఫౌళ్లు కొట్టినా మామూలుగా అవుట్ ఉండదు.

ముగ్గురు అవుటైతే జట్లు మారతాయి. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్. అవుటైనవాడు తన వంతు రాగానే మళ్లీ బ్యాటింగ్ చేస్తాడని ముందే చెప్పండి, లేకపోతే పిల్లలు అలిగి కూర్చుంటారు. అవుట్ కావడం ఇక్కడ నామోషీ కాదు. పదిసార్లలో మూడుసార్లు హిట్ సాధించినవాణ్ణి (బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరినవాణ్ణి) మంచి బ్యాటర్ అంటారు, అతని సగటు 0.300. అమెరికాలోని అమెరికన్, నేషనల్ లీగ్‌లలో 1941లో టెడ్ విలియమ్స్ 0.406 సగటు సాధించాక మరెవరూ ఒక పూర్తి సీజన్‌లో 0.400 అందుకోలేదు.

జవాబు: ఒసాకాలో హనుమకొండవాసి

పై వివరణతో ఏకీభవిస్తున్నాను గానీ, క్రికెట్ పోలిక పిల్లలను దారి తప్పిస్తుందేమోనని నా అనుమానం. మన చిర్రగోనెలో చిర్రను గాలిలో పడితే అవుట్ కదా, అక్కడి నుంచి మొదలుపెట్టి చూడండి.

జపాన్‌లో 1872లో హోరెస్ విల్సన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు ఈ ఆట నేర్పాడు, అంటే ఇక్కడా అది బడి నుంచే వచ్చింది. ఒసాకా దగ్గరి కోషియెన్ మైదానంలో ప్రతి ఆగస్టులో హైస్కూల్ జట్ల జాతీయ పోటీలు జరుగుతాయి. అక్కడ నేను ఎక్కువగా గమనించేది బంట్‌నే: మొదటి బేస్ మీద తోటివాడున్నప్పుడు బ్యాటర్ ఊపకుండా, బ్యాటును అడ్డంగా పట్టి బంతిని కాళ్ల ముందే పడేస్తాడు. ఫీల్డర్ ఉరికి వచ్చి దాన్ని తీసి మొదటి బేస్‌కు విసిరేసరికి తాను అవుటవుతాడు, తోటివాడు రెండో బేస్‌కు చేరతాడు. ఉన్న మూడు అవుట్లలో ఒకటి ఖర్చు పెట్టి ఒక బేస్ కొన్నట్టు. ఇది అర్థమైతే మీ విద్యార్థి కొట్టి నిలబడడు.

జవాబు: మూడో బేస్

ఒక మాట మరిచాను. పెద్దల కొలతలో బేస్‌ల మధ్య దూరం 90 అడుగులు, పిల్లలకు 60 అడుగులు పెట్టండి. తాడుతో కొలిచేటప్పుడు హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కు మూల కొలత సుమారు 85 అడుగులు వస్తే చతురస్రం సరిగ్గా ఉన్నట్టు. అసలు బంతి 142 నుంచి 149 గ్రాముల బరువుంటుంది. హెల్మెట్లు, క్యాచర్ (బ్యాటర్ వెనుక బంతి పట్టేవాడి) ముసుగు దొరికే వరకు దాన్ని పెట్టెలోనే ఉంచి టెన్నిస్ బంతితో ఆడించండి.

జవాబు: ఓరుగల్లు పీఈటీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూల కొలిస్తే మాది 79 అడుగులే వచ్చింది, గోనె సంచులు మళ్లీ జరిపాను. గ్లవ్‌ను కూడా సగం మంది కుడిచేతికి తొడుక్కొని, బంతి దొరకగానే విసరడానికి దాన్ని ఊడబీకుతున్నారు. విసిరే చేయి ఖాళీగా ఉండాలని చెప్పి ఎడమచేతికి మార్పించాను. మొన్న శనివారం ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడు కొట్టగానే బ్యాటు వదిలి పరుగు తీశాడు. బంతి గాలిలోనే దొరికి అవుటయ్యాడు గానీ, మొదటి బేస్ మీద నుంచి అప్పటికే సగం దూరం పోయిన తోటివాణ్ణి చూసి, "వాపస్ రారా, సంచి తొక్కు" అని అరిచింది వాడే.