హబక్కూకు మూడో అధ్యాయం నిజంగా హబక్కూకుదేనా?

కొలిమి: అందరికీ వందనాలు. ఆదివారం బైబిల్ స్టడీలో దీని మీదే పెద్ద గొడవైంది. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహలో దొరికిన పాత రాతచుట్టల్లో ఒకటి, పాత నిబంధన ప్రవక్త హబక్కూకు పుస్తకం మీద వ్యాఖ్యానం. అందులో మొదటి రెండు అధ్యాయాలకే అర్థం రాశారు, ప్రార్థనగా ఉన్న మూడోది లేదు. చివర చిరిగిపోయిందా అంటే అదీ లేదు, ఆఖరి నిలువు వరుసలో (కాలమ్‌లో) కొన్ని లైన్లు రాసి కింద ఖాళీ వదిలేశారు. అంటే ఆ ప్రార్థనను తర్వాత ఎవరో అతికించారనే కదా?

పాతచుట్ట: అంత తొందరెందుకు బ్రదర్! వ్యాఖ్యానం ఆగినంత మాత్రాన పుస్తకమూ అక్కడే ఆగినట్టా? ఆ రాసినాయనకు కావలసింది కల్దీయులు, అంటే బబులోను వాళ్లు. వాళ్లను తన కాలపు కిత్తీయులుగా, అంటే రోమా వాళ్లుగా చూపించాలని ఆయన ఆరాటం. మూడో అధ్యాయంలో కల్దీయుల పేరే లేదు. పైగా మృత సముద్రం దగ్గరే నహల్ హెవెర్ లోయలో దొరికిన గ్రీకు చుట్టలో, వాదీ మురబ్బాత్ లోయలో దొరికిన హీబ్రూ చుట్టలో మూడోదీ ఉంది.

కొలిమి: మురబ్బాత్ చుట్ట బాగా తర్వాతిదండీ, దాన్ని పక్కన పెట్టండి. గ్రీకు చుట్ట సంగతి ఒప్పుకుంటాను.

సెలా: నా గోల వేరే. ఈ అధ్యాయానికి విడిగా శీర్షిక ఉంది, కీర్తనల్లో కనిపించే 'సెలా' అనే సూచన మాట మూడుసార్లు వస్తుంది, చివర 'ప్రధాన గాయకునికి' అని ఉంది. కీర్తనల్లో ఆ మాట పైన ఉంటుంది, ఇక్కడ అడుగున. ఇది గుడిలో పాడిన పాటే. ఇంకోటి చూడండి: దేవుడు తేమాను నుంచి, పారాను కొండ నుంచి వస్తున్నాడు. మిద్యాను డేరాలు వణుకుతున్నాయి. అంతా దక్షిణాది! బబులోను దండు వచ్చేది ఉత్తరం నుంచి. న్యాయాధిపతుల 5లో దెబోరా పాటదీ ఇదే పోకడ. ప్రవక్త కంటే పాత పాటే అనిపిస్తోంది.

పాతచుట్ట: పాతదే అనుకుందాం, అయితే ఏం? ఊరికి కష్టమొస్తే ఎవరైనా కొత్త పాట కడతారా, తెలిసిందే ఎత్తుకుంటారు. 2:1లో (రెండో అధ్యాయం, మొదటి వచనం) ప్రవక్త కావలి గోపురం మీద నిలబడి జవాబు కోసం చూస్తానన్నాడు. 3:16లో పెదవులు వణుకుతున్నా ఊరకొని కనిపెడతానంటున్నాడు. ఈ రెండూ వేర్వేరు మనుషుల మాటలని చూపిస్తే నేను తగ్గుతాను.

సెలా: 16 దాకా సరే. అంజూరపు చెట్టు పూయకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా అనే 17 మాత్రం కరువు చూసిన రైతు మాటలా ఉంది. అందులో దండూ లేదు, యుద్ధమూ లేదు.

కొలిమి: దండు మేసి పోయాక దొడ్డిలో గొర్రెలుంటాయా అండీ?