సంక్రాంతి సంబరాల్లో కొత్త ఆటకి ప్లేటెస్ట్: గది, బల్లలు, వాలంటీర్లు

ఆటల బల్లల బాధ్యురాలు:
అందరికీ నమస్కారం. ఈసారి న్యూజెర్సీ ఎడిసన్‌లో మన సంక్రాంతికి ముగ్గులు, భోగిపళ్లు, బొమ్మల కొలువుతో పాటు ఇంకొకటి కలుపుతున్నాం. మన సంఘం పిల్లలు ఇద్దరు, అనంతపురం నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన అబ్బాయీ, ఇక్కడే పుట్టిన పదకొండో తరగతి అమ్మాయీ, కలిసి ఒక టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ తయారు చేస్తున్నారు. పేరింకా పెట్టలేదు. ఆడేవాళ్లందరూ ఒక తోలుబొమ్మలాట మేళం. ఊరూరా తిరుగుతారు, వెళ్లిన ప్రతి ఊళ్లో ఏదో ఒక తగువు ఎదురవుతుంది, తెల్లారేలోగా ఆట కట్టి దాన్ని తేల్చాలి. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేనైతే ఇలా చేస్తా" అంటారు. అది జరుగుతుందో లేదో తెలియని చోట పాచికల బదులు నాలుగు గవ్వలు వేస్తారు.

ఆట ఇంకా పూర్తి కాలేదు. అందుకే జనంతో ఆడించి చూడాలి, ప్లేటెస్ట్ అంటే అదే. నాకు కావలసింది తలుపు వేసుకోగలిగే ఒక గది, మూడు గుండ్రటి బల్లలు. రెండు గంటల విడతలు రెండు పెడదాం. ఒక్కో బల్లకి ఆడేవాళ్లు నలుగురు, నడిపేవారు ఒకరు, పక్కన కూర్చుని రాసుకునేవారు ఒకరు. అంటే విడతకి ఆరుగురు వాలంటీర్లు. పేర్లు ఇవ్వండి.

హాలు కమిటీ:
అక్కా, గది ఎందుకు? స్టేజి పక్కన చోటు ఖాళీగానే ఉంది. ఒక బల్ల వేసి, పిల్లలిద్దరికీ మైకు ఇచ్చి అందరికీ చూపిద్దాం. కొత్తది కదా, జనం బాగా వస్తారు.

ఆటల బల్లల బాధ్యురాలు:
స్టేజి వద్దు అన్నా. స్టేజి మీద అయితే పిల్లలు ఆట ఎక్కడ తడబడినా కప్పిపుచ్చి ముందుకు లాగుతారు. ఎవరైనా అంతే, నాలుగు వందల మంది చూస్తుంటే. మనకి కావలసింది ఆ తడబాటే. ఏ రూలు దగ్గర నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎవరి వంతు వచ్చేసరికి మిగతావాళ్లు ఫోన్లు తీశారు, అది తెలియాలి. దానికి తోడు డప్పులు మొదలయ్యాక ఆ మూల పక్కవాడి మాట కూడా వినపడదు. ఈ ఆట అంతా మాటలే.

సాంస్కృతిక కమిటీ:
ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. సగంలో ఉన్నదాన్ని జనం ముందు పెడితే పిల్లలు చిన్నబుచ్చుకోరా? పూర్తయ్యాక వచ్చే సంక్రాంతికి పెడితే నిండుగా ఉంటుంది కదా?

ఆటల బల్లల బాధ్యురాలు:
మంచి ప్రశ్న అండీ, ఇంకొందరికీ ఈ సందేహం ఉండి ఉంటుంది. ఈ రకం ఆటలన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. దాని అయిదో ఎడిషన్‌ని 2012 మే నెలలో, తయారీలో ఉండగానే, ఎవరైనా ఆడి చూడండి అని బయటపెట్టారు. పుస్తకం 2014లో గానీ రాలేదు. ఆడి చూసి అభిప్రాయం చెప్పినవాళ్లు 1,75,000 మందికి పైనే అని ఆ పుస్తకంలోనే అచ్చువేసి కృతజ్ఞత చెప్పుకున్నారు. పాత్‌ఫైండర్ అనే ఇంకో ఆట వాళ్లూ 2008లో ముసాయిదా రూల్స్ ఉచితంగా పంచి, 2009లో పుస్తకం వేశారు. అంత దూరం ఎందుకు, మన న్యూజెర్సీలోనే మోరిస్‌టౌన్‌లో తయారీలో ఉన్న ఆటల కోసమే మెటాటోపియా అనే పండుగ ఏళ్లతరబడి జరిగింది. అక్కడికి ఎవరూ పూర్తయిన ఆట పట్టుకుని వెళ్లేవారు కాదు. సగంలో చూపించడం ఈ రంగంలో చిన్నతనం కాదు, పద్ధతే అది.

పిల్లలు చిన్నబుచ్చుకునేది ఒక్క సందర్భంలోనే: ఇప్పుడు అందరూ బాగుంది బాగుంది అని, అచ్చయ్యాక ఎవరూ ఆడకపోతే.

అందుకే వాలంటీర్లకి ముందే చెప్తున్నాను. మనవాళ్ల ముందు పిల్లలు చేసినది ఏది పెట్టినా "ఎంత బాగా చేశావు తల్లీ" అంటారు. ప్రేమతో అనే మాటే, కానీ ఆ మాటతో ఆటలో ఒక్క రూలు కూడా బాగుపడదు. కాబట్టి చివర్లో ఇచ్చే కాగితంలో "నచ్చిందా" అన్న ప్రశ్నే ఉండదు. మూడే అడుగుతాం. మీ వంతు కోసం ఎదురుచూస్తూ విసుగొచ్చింది ఎప్పుడు? ఏ రూలు రెండోసారి అడిగి చెప్పించుకున్నారు? ఇంటికెళ్లాక ఈ ఆట గురించి ఇంట్లోవాళ్లకి ఏమని చెప్తారు? మూడోదానికి జనం ఏం రాస్తారా అని నాకు మహా ఆత్రంగా ఉంది, ఆట ఏమిటో వాళ్లకి అందిందా లేదా అన్నది అక్కడ బయటపడుతుంది.

ఆట తయారుచేసిన అబ్బాయి:
అక్కా, గవ్వల గురించి ఒక సంగతి అందరికీ చెప్పాలి. ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్క. రెండో అంతకన్నా ఎక్కువో పడితే అనుకున్న పని అవుతుంది. ఒకటే పడితే పని అవుతుంది గానీ ఏదో ఒక చిక్కు తగులుకుంటుంది. నాలుగూ బోర్లా పడితే, అష్టా చమ్మాలో మనం అష్టా అంటాం కదా, అప్పుడు పని చెడుతుంది. కానీ వెంటనే పక్కనున్న ఆటగాడు తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలైన కేతిగాణ్ణో బంగారక్కనో తెర మీదికి తెచ్చి ఆ చెడిపోయిన పనిని నవ్వులాటగా మార్చాలి. మా ఆటకి ప్రాణం ఆ ఘట్టమే.

గవ్వ నాణెంలాగా సగం సగం పడితే అష్టా 16లో 1 సారి వస్తుంది. రెండు గంటల్లో ముప్ఫై సార్లు వేస్తారనుకుంటే కేతిగాడు రెండుసార్లే కనపడతాడు, అది చాలా తక్కువ. కానీ గవ్వ నాణెం కాదు. ఇంట్లో ఉన్న సెట్టు వేసి చూస్తే బోర్లాయే ఎక్కువ పడుతున్నాయి. బోర్లా పడే పాలు నూటికి అరవై అయితే అష్టా దాదాపు 8లో 1 అవుతుంది, అంటే అదే ముప్ఫైలో నాలుగుసార్లు. గవ్వల సెట్టు మారితే ఆటే మారిపోతోంది. అందుకే మూడు బల్లలకీ ఒకే రకం గవ్వలు కావాలి. క్రాఫ్ట్ దుకాణాల్లో దొరికేవి దండలకోసం వెనక కోసేసి ఉంటాయి, వాటి పడే తీరే వేరు. పూజ సామాన్ల దగ్గర దొరికే నిండు గవ్వలే తేవాలి. ఇంకోటి, ప్లాస్టిక్ బల్ల మీద గవ్వలు జారి కిందపడుతున్నాయి, మందపాటి దుప్పట్లు మూడు ఎవరైనా ఇవ్వగలరా?

హాలు కమిటీ:
సరే అక్కా, అర్థమైంది. కెఫెటీరియా వెనక ఆర్ట్ రూము అడిగాను, ఇస్తామన్నారు. బల్లలు గుండ్రటివి కావు, పొడుగువి. దుప్పట్లు మా ఇంటి నుంచి తెస్తాను. గవ్వలు ఓక్ ట్రీ రోడ్‌లో మన ఇండియన్ దుకాణాల్లో వెతుకుతాను తమ్ముడూ.

ఆటల బల్లల బాధ్యురాలు:
పొడుగు బల్ల అయితే అందరూ ఒక కొసకి జరిగి కూర్చుంటారు, పరవాలేదు అన్నా. చాలా థాంక్స్.

భోజనాల కమిటీ:
ఆ గదిలోకి అరిసెలు, బొబ్బట్లు పంపించను, ముందే చెప్తున్నా. ఆ నేతి చేతులతో గవ్వలు, రూల్స్ పుస్తకం పట్టుకుంటే రెండో విడతకి పనికిరావు. మొదటి విడత పన్నెండున్నరకల్లా ముగించండి, వాళ్లకి వేరే వరుస పెట్టి వడ్డిస్తాం. గదిలోకి నీళ్లు, టీ వరకే.

తన కొడుకువాళ్లని చూడటానికి వచ్చిన మాస్టారు:
అమ్మా, నేను రిటైర్డ్ తెలుగు మాస్టర్ని. మాది ధర్మవరం, తోలుబొమ్మలకి పేరున్న నిమ్మలకుంట మాకు దగ్గరే. చిన్నతనంలో తోలుబొమ్మలాట రాత్రంతా కూర్చుని చూసినవాణ్ణి. పిల్లలు దీన్ని ఎత్తుకున్నందుకు చాలా సంతోషం. అయితే ఒకటి గమనించాలి. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెర మీదికి వచ్చారంటే మాటలు చాలా మోటుగా ఉండేవి. రావణుడి కొలువు మధ్యలో దూరి మొగుడూపెళ్లాల తిట్లు తిట్టుకునేవారు. ఆ మోటుతనం తీసేస్తే కేతిగాడు కేతిగాడు కాడు. ఉంచితే మీ బల్ల దగ్గర పదిహేనేళ్ల పిల్లలు ఉంటారు. ఎట్లా చేస్తారు?

ఆటల బల్లల బాధ్యురాలు:
మాస్టారూ, మేం ఇంతవరకు ఆలోచించని కోణం ఇది. ఇట్లాంటి ఆటల్లో ఎక్స్ కార్డు అని ఒక పద్ధతి ఉంది, జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన రూపొందించారు. ఇంటూ గుర్తు రాసిన అట్టముక్క బల్ల మధ్యలో ఉంటుంది. ఏ మాటైనా ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే దాన్ని తాకుతారు. ఎందుకని ఎవరూ అడగరు. ఆ మాట వదిలేసి కథ ముందుకెళ్తుంది. మొదటి విడత పిల్లలకి, రెండోది పద్ధెనిమిది దాటినవాళ్లకి అని విడదీద్దాం. రెండు విడతల్లోనూ కార్డు ఉంటుంది. కేతిగాడు పిల్లల దగ్గర ఎంతవరకు నవ్వించగలడో కూడా తెలుస్తుంది. ఫోటోలు, రికార్డింగు ఆ గదిలో వద్దు, కెమెరా ఉంటే ఎవరూ నోరు విప్పి మాట్లాడరు.

ఆట తయారుచేసిన అమ్మాయి:
హాయ్ ఆంటీ, మేమిద్దరం ఏ టేబుల్ దగ్గర కూర్చోవాలి?

ఆటల బల్లల బాధ్యురాలు:
ఏ బల్ల దగ్గరా కాదమ్మా. గదిలో ఉండండి, వెనక గోడ దగ్గర, నోట్‌బుక్‌తో. ఎవరైనా రూలు తప్పు చదివినా దిద్దొద్దు. మీ పుస్తకం ఇంకొకరి ఇంటికి వెళ్లినప్పుడు మీరు పక్కన ఉండరు కదా. కష్టంగా ఉంటుందని తెలుసు, నోటిదాకా వచ్చిన మాట మింగుకోవాలి. ఆ మాట నోట్‌బుక్‌లో రాయి, పుస్తకంలో లేని వాక్యం అదే.

ఇందులో ముఖ్యమైనది మూడో బల్ల. అక్కడ నడిపేవారు ఈ ఆటని ముందెన్నడూ చూసి ఉండకూడదు. చేతికి పుస్తకం ఇచ్చి, అరగంట చదువుకోమని, నడపమంటాం. తెలుగు పుస్తకంతో నడపగలిగేవారు ఎవరైనా ఉన్నారా?

మాస్టారు:
నాకు ఇట్లాంటి ఆటల ఓనమాలు తెలియవు. తెలుగు చదవడం వచ్చు. పనికొస్తానంటే కూర్చుంటా.

ఆట తయారుచేసిన అబ్బాయి:
మాస్టారూ, మీకంటే మంచివాళ్లు మాకు దొరకరు. కానీ ఒక ఇబ్బంది అక్కా. మాస్టారికి తోలుబొమ్మలాట అంతా తెలుసు. మేం పుస్తకంలో రాయని చోట ఆయన సొంత జ్ఞాపకంతో నింపేస్తారు. బల్ల బ్రహ్మాండంగా నడుస్తుంది, మా పుస్తకం బాగుందని మేం పొరపడతాం.

ఆటల బల్లల బాధ్యురాలు:
సరిగ్గా పట్టుకున్నావు నాన్నా. అయినా మాస్టారే నడపాలి. ఆయన పక్కన రాసుకునేవారు పుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చుంటారు. మాస్టారు పుస్తకంలో లేనిది చెప్పినప్పుడల్లా ఒక గీత, ఆ మాట పక్కనే. ఆ గీతల్లో ఏది పుస్తకంలోకి ఎక్కించాలో, ఏది నడిపేవారికే వదలాలో తర్వాత మీరిద్దరూ తేల్చుకోండి. రెండో విడతలో అదే బల్లని తోలుబొమ్మలాట ఎప్పుడూ చూడనివారు నడుపుతారు, పుస్తకం అదే. అప్పుడు తేడా కనపడుతుంది.

ఇప్పటికి తేలినవి: ఆర్ట్ రూము, దుప్పట్లు, గవ్వలు హాలు కమిటీ అన్న. ఎక్స్ కార్డులు, ప్రశ్నల కాగితాలు నేను ప్రింట్ చేయిస్తాను, తెలుగు ఒకవైపు, ఇంగ్లీషు ఒకవైపు. మొదటి విడతలో మూడో బల్ల మాస్టారు. రాసుకునేవాళ్లు ఇంకా ముగ్గురు తక్కువ. తెలుగు, ఇంగ్లీషు రెండూ వేగంగా రాయగలిగినవాళ్లు కావాలి, ఆటల అనుభవం అక్కర్లేదు. రెండో విడత మూడో బల్లకి నడిపేవారు ఒకరు. ఈ నాలుగు ఖాళీలు శుక్రవారంలోగా నిండాలి.

భోజనాల కమిటీ:
మా పెద్దమ్మాయి రాసుకుంటానంటోంది. పేరు వేసుకోండి.