ప్రచారంలో మధ్యాహ్నం భోజనం ఊళ్ళోనా, టౌన్ మెస్‌లోనా? (రాయగడ, గుణుపురం వైపు తిరిగేవాళ్ళు చెప్పండి)

గుణుపురం కుర్రాడు:
ఒడిశాలో కిందటి పంచాయితీ ఎన్నికలు 2022 ఫిబ్రవరి 16 నుంచి 24 వరకు ఐదు విడతల్లో జరిగాయి. అప్పుడు మా బ్యాచ్‌లో రోజూ ఒకటే గొడవ. పన్నెండు దాటితే చాలు, సగం మంది బండి తిప్పి టౌన్‌లో ఆంధ్రా మెస్‌కి పోదామంటారు. మిగతావాళ్ళు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోనే తిందామంటారు. ఈసారి జిల్లా పరిషత్ అభ్యర్థి కోసం రామనగూడ, పద్మపూర్, గుడారి వైపు తిరగాలి. సర్పంచికి, వార్డు మెంబరుకి పార్టీ గుర్తు ఉండదు, జిల్లా పరిషత్‌కే ఉంటుంది కాబట్టి మా భారమంతా దీని మీదే. తిండి సంగతి ముందే అనుకుంటే మంచిదని అడుగుతున్నాను.

పాత కార్యకర్త:
మెస్సే. ఇందులో ఆలోచించడానికేముంది? పొద్దున్న బరా (గారెలు), ఘుగుని (బఠాణీ కూర) తిని బయల్దేరినవాడికి మధ్యాహ్నం వేడి అన్నం, పప్పు, చారు, పెరుగు పడాలి. లేకపోతే సాయంత్రం మీటింగులో గొంతు పెగలదు. 2024లో మే 13న మాకు పోలింగ్, ఆ ఎండల్లో దొరికిన చోట దొరికింది తిని మా కుర్రాళ్ళు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించుకున్నారు. నాకు షుగర్ కూడా ఉంది. వేళకి తినాలి.

చోడి అంబలి:
ఎండాకాలమైతే మరీ ఊళ్ళోనే తినాలి. కొండ ఊళ్ళలో చోడి అంబలి, అంటే రాగి జావ, ఎండిన సొరకాయ బుర్రలో పోసుకుని పొలానికి పట్టుకెళ్తారు. మిట్టమధ్యాహ్నం వంచుకున్నా చల్లగా ఉంటుంది, కాస్త పులుపు తగులుతుంది. పక్కన పచ్చిమిర్చి, ఉప్పు. అది తాగినవాడికి సెలైన్ అవసరం రాదు. వాళ్ళు దీన్ని మండియా పేజ్ అంటారు, మన శ్రీకాకుళం వైపు తాగేదీ ఇదే. పఖాళ, అంటే నీళ్ళు పోసిన అన్నం పెట్టినా అంతే, బడి చూర (నలిపిన వడియాలు), కాల్చిన వంకాయతో తింటే ఒంటికి హాయి.

పాత కార్యకర్త:
పఖాళ తింటే నిద్ర ముంచుకొస్తుంది. మూడింటికి ఇంకో ఊరు తిరగాల్సినవాడు ఆ పని చెయ్యడు.

వంశధార:
నిద్ర మాట నిజమే.

చోడి అంబలి:
రాత్రంతా నానబెట్టిన బాసి పఖాళకి నిద్ర వస్తే రావచ్చు. అప్పటికప్పుడు నీళ్ళు పోసే సజ పఖాళకి ఏ నిద్రా రాదు. రెండూ తిని మాట్లాడండి.

పాత కార్యకర్త:
నేను బరంపురం వైపు పుట్టి పెరిగినవాణ్ణి. పఖాళ గురించి నాకు పాఠం చెప్పక్కర్లేదు. రెండిటికీ నిద్ర వస్తుంది.

లెక్కల మేష్టారు:
నిద్ర సంగతి పక్కన పెట్టండి బాబూ. అసెంబ్లీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 40 లక్షలు, ఎంపీకి 95 లక్షలు. టీ, సమోసా, భోజనం ప్లేటు అన్నిటికీ జిల్లా ఎన్నికల అధికారి రేట్ల పట్టిక ఇస్తారు, కార్యకర్తల తిండి ఆ రేటుకి అభ్యర్థి ఖాతాలో పడుతుంది. 2024లో ఆ రిజిస్టర్ రాసింది నేనే. మెస్‌లో బిల్లు వస్తుంది. ఊళ్ళో తిన్నదానికి కాగితం ఉండదు, అబ్జర్వర్ అడిగితే చెప్పుకోలేం.

పాత కార్యకర్త:
చూశారా? బిల్లు కూడా మెస్ వైపే ఉంది.

చోడి అంబలి:
బిల్లు, షుగర్, నిద్ర, ఇవన్నీ సాకులు. అసలు సంగతి నేను చెప్తాను. మాది రాయగడకి అరగంట దూరంలో కొండ కింద ఊరు. 2022లో ప్రచారానికి వస్తున్నామని ముందు రోజే కబురు పెట్టారు. మా వీధివాళ్ళం తలా కొంత వేసుకుని కోళ్ళు కోశాం. గుమ్మడికాయ ముక్కలు వేసి డాల్మా, అంటే కూరగాయల పప్పు వండాం. మా అమ్మావాళ్ళు రాత్రి కూర్చుని అడ్డాకుల విస్తర్లు కుట్టారు. లీడర్లు వచ్చారు, దండాలు పెట్టారు, ఫొటోలు దిగారు. భోజనానికి లేవమంటే "ఇప్పుడే తిని వచ్చాం" అన్నారు. గంట తిరక్కుండా మా తమ్ముడు టౌన్‌లో ఓ మెస్ ముందు వాళ్ళ బళ్ళు చూశాడు. మా వీధిలో తినరు, అంతే. ఎందుకు తినరో మాకు తెలుసు, తిననివాళ్ళకీ తెలుసు. పై వీధిలో అదే రోజు టిఫిన్ చేశారు.

పాత కార్యకర్త:
కులం మాట తెచ్చి నా మీద రుద్దుతున్నారా?

చోడి అంబలి:
మీ పేరు నేనెత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది.

జీపు డ్రైవర్:
మీరు ఎక్కడ తిన్నా నేను బండి దగ్గరే ఉంటాను. మెస్‌లో అయితే పార్శిల్ పంపడం మర్చిపోతారు. ఊళ్ళో అయితే ఎవరో ఒకరు పిలుస్తారు. నా ఓటు ఊరికే.

పాత కార్యకర్త:
ఇంత మాట వచ్చాక నేనూ చెప్తాను. మా నాన్న పార్టీ మనిషి. ఎన్నికలొస్తే మా ఇల్లే ఆఫీసు. అర్ధరాత్రి జీపు ఆగితే మా అమ్మ లేచి పొయ్యి వెలిగించాలి. బియ్యం కొట్టులో అప్పు మీద వచ్చేవి. తిన్నవాళ్ళు గెలిచారు, ఒక్కరూ మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆ కొట్టు బాకీ తీర్చడానికి అమ్మ చెవి దుద్దులు పోయాయి. అందుకే ఓటరు ఇంట్లో నేను మెతుకు ముట్టను, ఏ వీధిలోనూ. రేషన్ బియ్యం మనిషికి నెలకి ఐదు కిలోలు. పదిహేను మందిమి వెళ్ళి కూర్చుంటే ఆ ఇంటి నెల సరుకు ఏమవుతుంది? మీరు గౌరవం అంటున్నారు. ఆ గౌరవానికి డబ్బు కట్టేది ఎవరు?

చోడి అంబలి:
మీ అమ్మగారికి జరిగింది అన్యాయం, కాదనను. కానీ మా ఊళ్ళో అన్నం వండేశారు. వండిన తర్వాత తినకపోతే ఎవరి భారం తగ్గింది? మీకు బరువు కాకూడదని తినడం లేదని మొహం మీద చెప్పిన లీడర్ని నేను ఇంతవరకూ చూడలేదు. పై వీధి ఇంటికి బరువు గుర్తు రాదు, మా వీధికి వచ్చేసరికే గుర్తొస్తుందా?

పాత కార్యకర్త:
పై వీధిలో తిన్నది నేను కాదు.

గుణుపురం ఆడపడుచు:
అన్నయ్యలిద్దరూ చెప్పింది అమ్మలు వండిన వంట గురించే కాబట్టి నేనూ ఒక మాట అంటాను. పంచాయితీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి, ప్రచారానికి మేమూ వస్తున్నాం. మీరు బండి ఆపే చోట్ల చాలావాటిలో మాకు బాత్రూమ్ ఉండదు, ఓ మూల తాగేవాళ్ళు కూర్చుంటారు. నీళ్ళు తక్కువ తాగి రోజంతా తిరిగి తలనొప్పితో ఇంటికి చేరతాను. ఊళ్ళో ఇంట్లో అయితే కాసేపు నడుం వాల్చనిస్తారు. అందుకు నేను ఊరే అంటాను. కానీ బియ్యం, పప్పు, నూనె ముందు రోజే మనం పంపాలి.

లెక్కల మేష్టారు:
అమ్మా, ఆ పని మాత్రం చెయ్యకండి. ఎన్నికల వేళ ఓటరు ఇంటికి బియ్యం దింపితే లంచం కింద రాసేస్తారు. అసెంబ్లీ ఎన్నికలైతే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123 సెక్షన్ నేరుగా తగులుతుంది. ఆ ఊరి మహిళా సంఘానికి మన మనుషుల వరకు భోజనం ఆర్డర్ ఇవ్వండి, ప్లేటుకింత అని రేటు మాట్లాడుకోండి, సంతకం పెట్టించుకుని రసీదు తీసుకోండి. బడి పిల్లలకి మధ్యాహ్న భోజనం వండే సంఘాలు ఉన్నాయి, పదిహేను మంది వాళ్ళకి లెక్కకాదు. డ్రైవర్ ప్లేటు కూడా కలిపి చెప్పండి.

గుణుపురం కుర్రాడు:
ఇది బావుంది మేష్టారూ. సంఘం ఏ వీధిది అయినా మావాళ్ళు కూర్చుని తినాలి, తిననివాళ్ళు బండి ఎక్కొద్దని బ్యాచ్‌లో ముందే చెప్తాను.

పాత కార్యకర్త:
మీరు తినండి. నేను మెస్‌కే వెళ్తాను.

చోడి అంబలి:
వెళ్ళండి, మీ ఇష్టం. మా ఊరికి వచ్చే ముందు రోజు మాత్రం మీరే స్వయంగా ఫోన్ చేసి, వంట చెయ్యొద్దని, ఎందుకు వద్దో కూడా మా అమ్మకి చెప్పండి.